మంచుగుంటలో చన్నీళ్ళు లేవు

ఇంకా 61 రోజులు

ఈ పుస్తకం నాది కాదు, బట్టకాటాది. ముందు పేజీల్లో ఎవరు ఎంత పాతబట్ట తెచ్చారో, ఎంత కొత్తబట్ట పట్టుకెళ్ళారో రోజూ రాస్తాను. వెనక పేజీలు ఖాళీ. "పనిలో ఇబ్బందులేమైనా ఉంటే వెనక రాయండమ్మా, ఆర్నెల్లకోసారి చూస్తాం" అన్నారు సూపర్‌వైజర్ ప్రభుదాసు గారు, నేను ఉద్యోగంలో చేరినరోజు. పన్నెండేళ్ళయింది. ఒక్కరూ తిరగేసిన పాపాన పోలేదు. అందుకే ధైర్యంగా మొదలుపెడుతున్నాను. నా పేరు నాంచారమ్మ. బట్టను వేళ్ళతో తడిమి అది ఎన్ని ఉతుకులు చూసిందో చెప్పగలను. మంచుగుంట బస్తీలో నా అంత బట్ట తెలిసిన మనిషి లేదని నాకు కాస్త పొగరు కూడా ఉంది.

ఇవాళ మా శేషు బట్ట తూచాను. 958 గ్రాములు.

శేషు నా కూతురు, పదమూడేళ్ళది. చంద్రుడి మీద పుట్టింది కానీ ఇంతవరకూ చంద్రుణ్ణి చూడలేదు. మేమంతా నేల కింద సొరంగాల్లో ఉంటాం. పైకి వెళ్ళి మంచు తవ్వేవాళ్ళకే ఆకాశం కనిపిస్తుంది. ఆ పైపని కోసం దీనికి పిచ్చి. "భూమి నీలంగా ఉండిద్దంట గదా నాన్నా, ఎంత నీలం?" అని వాళ్ళ నాన్నను చంపుకు తింటుంది. పైపనికి పిల్లల్ని మూడేళ్ళకోసారి తీసుకుంటారు. పదిహేను దాటితే తీసుకోరు. అంటే దీనికి ఉన్నది ఈ ఒక్క విడతే.

పైకి వెళ్ళేవాళ్ళు తమ సొంత బట్ట తొమ్మిదివందల గ్రాములు తెచ్చివ్వాలి. దాంతో సూటుకి లోతొడుగు కుడతారు. తొమ్మిదివందలు ఎవరో సరదాకి పెట్టిన అంకె కాదు. మా ఆయన సాంబయ్య ఎడమకాలికి రెండు వేళ్ళు లేవు. మేజోడు ఒకచోట పల్చబడిందని చూసుకోకుండా పైకి వెళ్ళాడు, అంతే.

శేషు పుట్టినప్పటి నుంచి దాని పేరున వచ్చిన బట్టను దానికి తొడగలేదు. నా పాతవి కోసి కుట్టి వేశాను. అట్లా దాచింది ఈ 958. ఇంకా అరవై ఒక్క రోజులకు పైపని పరీక్ష. ఆరోజు దాన్ని తూచి, శుభ్రంగా ఉందో లేదో చూసి సంతకం పెట్టాల్సింది కూడా బట్టకాటానే. అంటే నేనే. ఆరోజు ఎంత దర్జాగా సంతకం పెడతానో ఇప్పటి నుంచే ఊహించుకుంటున్నాను.


ఇంకా 60 రోజులు

ఇవాళ క్యూ చాలా పెద్దది. వీరాస్వామి పన్నెండువందల గ్రాముల పాతబట్ట ఇచ్చి పన్నెండువందల కొత్తది పట్టుకెళ్ళాడు. ఇక్కడ పత్తి పండదు. మా తాతలను మాచర్ల వైపు రాళ్ళ క్వారీల నుంచి తీసుకొచ్చినప్పుడు వాళ్ళతో వచ్చిన బట్టే ఇంకా తిరుగుతోంది. పాతబట్టను మిషన్ పీచు చేసి, మళ్ళీ నేసి ఇస్తుంది. అందరికీ ఒకటే నియమం, ఇచ్చినంత తీసుకుపో.

వీరాస్వామి వెనక రాజ్యం వచ్చింది. మా వరసలోనే నాలుగు గదులవతల ఉంటుంది. పళ్ళెంలో పోసిన బట్టలోంచి మరక పడిన పేలికలు ఏరి పక్కన పెట్టాను.

"అది కూడా బట్టేగా అక్కా?" అంది.

"బట్టేనే. మరకుంటే మిషన్ తీసుకోదు."

"ఏం మరకో నీకు తెలవదా ఏంది?"

తెలుసు. ప్రతి ఆడదానికీ తెలుసు. రాజ్యం ఈసారి ఆరువందల యాభైతో వెళ్ళింది. నెలనెలా కొంత బట్ట మరకై పోతుంది, ఆ పోయింది తిరిగిరాదు, మరుసటిసారి ఆ మేరకు తక్కువ వస్తుంది. మొగుడిదీ పెళ్ళాందీ పుట్టినప్పుడు ఒకే వాటా. ముప్ఫై ఏళ్ళు వచ్చేసరికి మొగుడి చొక్కా చేతులు మణికట్టు దాకా ఉంటాయి, పెళ్ళాం జాకెట్టుకి చేతులే ఉండవు. మా బస్తీలో ఆడదాని వయసు మొహం చూసి చెప్పనక్కర్లేదు. నా జాకెట్టు చేతులు కూడా భుజం దగ్గరే ఆగిపోయి నాలుగేళ్ళయింది. అయినా పన్నెండేళ్ళుగా ఈ కాటా దగ్గర కూర్చుని, "మరకుంటే తీసుకోరు" అని అందరికీ చెప్పేది నేనే.


ఇంకా 57 రోజులు

శేషు పెద్దమనిషి అయింది.

గదిలోకి వచ్చి తలుపు మూసి, "అమ్మా, వచ్చేసింది" అంది. ఎవరో బండి వచ్చిందని చెప్పినట్టు. మా అమ్మ నన్ను దగ్గరకు తీసుకుని నెత్తిన ముద్దు పెట్టింది అప్పట్లో. నేను మాత్రం ఆ ముద్దు కంటే ముందు పెట్టెలో ఉన్న 958 గురించి ఆలోచించాను. శేషు నా కళ్ళలోకి చూసింది. దానికీ అదే ఆలోచన. అప్పుడు దగ్గరకు తీసుకున్నాను కానీ ఆలస్యమైపోయింది.

సాయంత్రం వరసలోని ఆడవాళ్ళు పేరంటానికి వచ్చారు. మాకు నువ్వులు లేవు కాబట్టి పల్లీల చిమ్మిలి. పసుపూ లేదు. ఇక్కడ పుట్టిన ఆచారం ఒకటే ఉంది. వచ్చిన ప్రతి ఆడమనిషీ తన బట్టలోంచి వేలెడంత వెడల్పు పేలిక చించి పిల్ల ఒళ్ళో వేస్తుంది. పిల్లలకు తల్లి పాతవి తొడగడం తప్పిస్తే ఒకరి బట్ట ఇంకొకరు వాడటం నేరమే, పట్టుబడితే ఇద్దరికీ ఏడాది వాటా పోతుంది. ఈ పేలికలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా పేరంటంలో ఇరవై ఆరు వచ్చాయి. శేషుకి పదకొండు. ఆ పదకొండూ ఇచ్చినవాళ్ళ ఒంటి మీద చూశాను, ఇంకా చించడానికి ఎక్కడుందో నాకే తెలియలేదు.

అందరికంటే పెద్దది అంకమ్మవ్వ. ఎనభై దాటాయి. పమిట చివర రెండు పేలికలు చించి, "నాకింకెందుకే ఇయ్యి, తీస్కో" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.


ఇంకా 53 రోజులు

పదకొండు పేలికలూ మూడు రోజుల్లో అయిపోయాయి. దీనికి మరీ ఎక్కువగా అవుతోంది. నా లాగే. ఏం పోలికలు రావాలో అవి రాకుండా ఇది వచ్చింది, నా ఖర్మ.

మనిషికి రోజుకి ఉతుక్కోవడానికి మూడు లీటర్లు. మరిగి ఆవిరై వడగట్టుకుని వచ్చే నీళ్ళు, కుళాయి తిప్పితే పొగలు కక్కుతాయి. పేలికలు అందులో ముంచి పిండితే గోధుమరంగు మరకలతో అట్టల్లా బిగుసుకుపోతాయి. అట్లా బిగుసుకున్నదే ఆరబెట్టి మళ్ళీ వాడాలి. తొడలు ఒరుసుకుపోయాయని శేషు ఏడ్చింది. పల్లీనూనె రాశాను. రెండు రోజులు పైపని శిక్షణకు పోలేదు. మూడోరోజు పోతే, "పైన కడుపునొప్పికి సెలవుండదమ్మాయ్" అన్నాడట మాస్టారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఇది ఆయనకు కడుపునొప్పి అనే చెప్పింది.

నా లంగా అడుగు అంచు రెండు జానల మేర చించి ఇచ్చాను. మోకాళ్ళు కనిపిస్తున్నాయి. కాటా బల్ల వెనక కూర్చుంటాను కాబట్టి ఎవరికీ తెలియదు.


ఇంకా 41 రోజులు

మా ఆయన ఇవాళ తన పెట్టె తెరిచి నాలుగు చొక్కాలు మంచం మీద పరిచాడు. మడత నలగలేదు.

"ఇందులో ఒకటి చించు" అన్నాడు.

"నీ నంబరు దారం ఉందయ్యా దాంట్లో. వేలెడు వెడల్పుకో దారం. నేనే చూస్తాను గదా రోజూ."

"దారం లాగేయ్."

"లాగితే బట్ట ఊడి పీచైపోయిద్ది. అందుకేగా అట్టా నేసింది."

ఈ నంబరు దారం మా తాతల ఘనకార్యం. వచ్చిన కొత్తలో మగవాళ్ళు పేకాటలో బట్టలు పందెం కాసి, ఓడిపోయి, గోచీలతో గనికి వెళ్ళేవారట. అది ఆపడానికి ఎవరి బట్ట వాళ్ళకే అని నియమం పెట్టారు. పేక ముక్కలు ఎప్పుడో చిరిగిపోయాయి, ఇప్పుడు ఆడేవాడు లేడు. నియమం మాత్రం ఉంది. పేరంటం పేలికలంటే చూసీ చూడనట్టు ఊరుకుంటారు కానీ, మగవాడి చొక్కా చింపితే ఊరుకోరు. ఏడాది వాటా ఇద్దరికీ పోతే శేషు పరీక్షే పోతుంది.

"అయితే నేనేం చెయ్యనే మరి?" అన్నాడు.

నాలుగు చొక్కాలూ మళ్ళీ మడతపెట్టి పెట్టెలో పెట్టాడు. మా ఆయన మంచివాడు. మంచివాడైనందుకు ఇంకా ఏడుపొచ్చింది.


ఇంకా 29 రోజులు

సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులకు మళ్ళీ వచ్చింది. పాత పేలికల్లో పనికొచ్చేవి నాలుగు. నా దగ్గర ఇక చించడానికి జాకెట్టు వెనక భాగమే ఉంది. రాజ్యాన్ని అడుగుదామని వెళ్ళి, గుమ్మంలో దాని ఒంటి మీది బట్ట చూసి, కందిపిండి అడిగి వచ్చేశాను. ఏం మొహం పెట్టుకుని అడుగుతాను?

ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. శేషే అంది.

"నా దాంట్లో యాభై ఎనిమిది గ్రాములు ఎక్కువేగా అమ్మా. అందులోంచి తీయి."

ఎక్కువ ఉన్నది అందుకు కాదు. కుట్టేటప్పుడు కత్తిరింపులో పోయే తరుగు కోసం, ఎక్కడైనా పొరపాటైతే అతుక్కోవడం కోసం. అయినా కోశాను. అరచేతి అంత ముక్కలు ఆరు. పదమూడేళ్ళు దాచిన బట్ట మెత్తగా కొత్త వాసన వేస్తోంది. తూచితే మిగిలింది 928.

"ఎల్లుండి తొడుగు కొలత" అని గుర్తుచేసింది శేషు. లోతొడుగును పైపైన కుట్టి పిల్లకు తొడిగి, చలిగదిలో మూడు గంటలు నిలబెడతారు. ఎక్కడ చలి తగులుతోందో చెప్పాలి. గది ఒక్కొక్కరికి ఒక్కసారే ఇస్తారు.

ఎల్లుండి అంటే దీనికి మూడో రోజు.


ఇంకా 27 రోజులు

నా చేతులు నరికేయాలి.

ఆరు ముక్కలూ పెట్టి, పైన అట్టకట్టిన పాత పేలికలు రెండూ పెట్టి పంపాను. మూడు గంటలు కదలకుండా నిలబడింది. చలి ఎక్కడా తగల్లేదు, కొలత సరిగ్గా ఉందన్నారు. బయటకొచ్చి తొడుగు విప్పితే వెనక భాగంలో చేతి వెడల్పున తడి. బట్ట చుట్టుకుని పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. నేను అప్పుడే కాటా మూసి వచ్చాను.

"అమ్మా, అమ్మా, చూడు" అంటుంది. మొహం తెల్లబోయింది.

నేను చూశాను. ఇంకా ఎర్రగా ఉంది, ఇంకా తడిగా ఉంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కుళాయి పూర్తిగా తిప్పాను. పొగలు వచ్చాయి. ఎంత వేడి అయితే అంత బాగా పోతుందని, మా అమ్మ నాకు చెప్పింది, వాళ్ళమ్మ ఆమెకు చెప్పింది. చేతులు కాలుతున్నా రుద్దాను. ఇద్దరివీ ఆరు లీటర్లూ అయిపోయాయి, మా ఆయన మూడు కూడా వాడేశాను.

మరక పోలేదు. గోధుమరంగులో దిగిపోయి కూర్చుంది. ఆ వేడికి ఉడికి నూలులోకి పోయింది. బట్ట తెలిసినదాన్ని గదా, అది ఇక రాదని వేళ్ళతోనే తెలిసింది. శేషుకి మాత్రం, "ఆరితే పోయిద్దిలే" అన్నాను.


ఇంకా 26 రోజులు

పొద్దున అంకమ్మవ్వ వచ్చింది. శేషు ఏడుపు గోడవతలకు వినిపించిందట. తొడుగు చూపించాను. ముడతల చేత్తో తడిమి చూసి, నన్ను ఎగాదిగా చూసింది.

"వేణ్ణీళ్ళలో పెట్టావా ఏంది?"

"మరి దేంట్లో పెట్టమంటావ్?"

"ఓసి నీ మొహం మండ! నెత్తురుకి వేణ్ణీళ్ళు తగిలితే పట్టేసిద్ది గదే. చన్నీళ్ళలో నానేయాల. నా చిన్నప్పుడు మాచర్లలో మా అమ్మ కుండలో నీళ్ళు, చల్లటియ్యి, రాత్రే పోసి పెట్టేది. తెల్లారి జాడిస్తే మల్లెపూవే."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేంది అవ్వా?"

ఆమె తొడుగు మడిచి నా ఒళ్ళో పెట్టింది. "నేను ఆరేళ్ళప్పుడు వచ్చానే ఇక్కడికి. చూసిందే గానీ చేసింది లేదు. ఇక్కడ నాకు వచ్చేటప్పటికి చన్నీళ్ళే లేవు. లేని దాని గురించి ఎవరికి చెప్తాను? మర్చేపోయాను తల్లీ" అంది. కళ్ళు తుడుచుకుంది. ముసలిదాన్ని ఏమనగలను?

చన్నీళ్ళు. మంచుగుంటలో. మా మగవాళ్ళు రోజూ పైకెళ్ళి తవ్వేది మంచు. మా తొట్లో నీళ్ళు చల్లారేదాకా ఉండవు, అరగంటకు అడుగు తెరుచుకుని గొట్టంలోకి పోతాయి. ఇక్కడ నీళ్ళు నిల్వ పెట్టకూడదు, పెట్టినా గొట్టాల వేడికి గదులే ఉడుకుతుంటాయి, చల్లారవు. 

మా ఆయన్ను అడిగాను. పైకి వెళ్ళేముందు నిలబడే గాలిగదిలో బయటి తలుపు ఇనుము ఎంత చల్లగా ఉంటుందంటే, చేయి తగిలితే చర్మం ఊడుతుందట. గ్లాసుడు నీళ్ళు చొక్కాలో పెట్టుకుని వెళ్ళి ఆ తలుపు దగ్గర పది నిమిషాలు ఉంచి తెచ్చాడు. పైన పల్చగా మంచు కట్టింది. నా జీవితంలో చన్నీళ్ళు ముట్టుకోవడం అదే మొదటిసారి. శేషు అప్పుడే తీసిన పేలిక అందులో వేశాను.

గంట తర్వాత జాడిస్తే మరక లేదు! నీళ్ళు ఎర్రబడ్డాయి, బట్ట బట్టలా ఉంది. ముగ్గురం ఒక్కసారి కేక పెట్టాం. శేషు గంతులేసింది. ఆ వెంటనే పరుగెత్తి తొడుగు తెచ్చి గ్లాసులో మూల ముంచింది. రుద్దింది, నానబెట్టింది, మళ్ళీ రుద్దింది. రంగు ఇసుమంత కూడా మారలేదు.

నిన్న నేను ఆ కుళాయి తిప్పకుండా ఉంటే చాలు. ఊరికే తడిగా వదిలేసినా బాగుండేది.


ఇంకా 20 రోజులు

ఉప్పు వేశాం, పల్లీపిండి రుద్దాం, మా ఆయన ఇంజన్లు తుడిచే మందు కూడా తెచ్చాడు. దాంతో మరక పక్కన కొత్త మరక పడింది. ఇవాళ ప్రభుదాసు గారి దగ్గరకు వెళ్ళాను. పన్నెండేళ్ళలో ఎప్పుడూ ఆయన్ను ఏమీ అడగలేదు.

"కూర్చోండి నాంచారమ్మ గారూ, ఏంటి విషయం?" అన్నారు. చొక్కా చేతులు వేళ్ళ దాకా ఉన్నాయి. కూర్చుంటే మోకాళ్ళు కనిపిస్తాయని నిలబడే చెప్పాను. మరక అన్నాను, ఏం మరకో కూడా చెప్పాను. ఆయన బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టారు.

"మరకున్నా వెచ్చదనం తగ్గదు సార్. లోపలి తొడుగు, ఎవరూ చూడరు. ఒప్పుకోండి."

"నాకు అర్థమవుతుందమ్మా. నాకూ ఆడపిల్లలున్నారు. కానీ తొడుగు పాతబడ్డాక మళ్ళీ మిషన్‌లోకే కదా పోవాలి. అందుకే మరకబట్టతో కుట్టకూడదని రాశారు. ఒక్కరికి ఒప్పుకుంటే రేపు అందరికీ ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటే ఏమయిద్ది సార్?"

ఆయన నియమాల పుస్తకం తీసి, ఆ పేజీ మళ్ళీ చదివి మూసేశారు.

"పోనీ ఒక చన్నీళ్ళ కుళాయి. ఒక్కటి. బస్తీ అంతటికీ ఒక్కటి. మరకలే పడవు, బట్టంతా తిరిగొస్తుంది. మీకే లాభం."

ఇది ఆయనకు నచ్చింది. "చాలా మంచి సూచన" అని రెండుసార్లు అన్నారు. వెంటనే భూమ్మీది ఆఫీసుకు రాశారు, మరక సంగతీ కుళాయి సంగతీ రెండూ, నా పేరుతోనే. పరీక్షలోపు జవాబు వస్తుందన్నారు. తలుపు దాకా వచ్చి సాగనంపారు. ఆ మర్యాదకు నాకు ఒళ్ళు మండింది, కానీ నమస్కారం పెట్టాను.


ఇంకా 12 రోజులు

చన్నీళ్ళ సంగతి బస్తీ అంతా పాకింది. ఆడవాళ్ళు గ్లాసులిచ్చి మగవాళ్ళను పంపుతున్నారు. రాజ్యం పేలిక తెల్లగా జాడించి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇప్పుడు తీసుకునిద్దా నీ మిషన్?" అంది. తీసుకుంది. పన్నెండేళ్ళలో మొదటిసారి దాని బట్టలోంచి ఏమీ ఏరి పక్కన పెట్టలేదు.

నాలుగు రోజులు నడిచింది. నిన్న ఒకడి గ్లాసు ఒలికి గాలిగది నేల మీద మంచు కట్టింది. వీరాస్వామి జారిపడి మోచేయి విరిగింది. ఇవాళ తలుపు దగ్గర కాగితం అంటించారు. గాలిగదిలోకి నీళ్ళు తేరాదు. పైన పనిచేసేవాళ్ళ ప్రాణాల మీదికొస్తుంది కాబట్టి ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేను.


ఇంకా 3 రోజులు

జవాబు వచ్చింది. ప్రభుదాసు గారు కాటా దగ్గరకు స్వయంగా వచ్చి చదివారు. సూచన ప్రశంసనీయం. చల్లటి నీళ్ళ గొట్టం గురించి వచ్చే ఏడాది పరిశీలిస్తారు. మరకబట్ట నియమంలో ప్రస్తుతానికి మార్పు లేదు. సూచన చేసినందుకు నాకు మెచ్చుకోలు పత్రం.

"సారీ అమ్మా" అన్నారు. ఆయన కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. నేను ఆ పత్రం తడిమి చూశాను. కాగితం. బట్ట అయినా బాగుండేది.

ఇంటికెళ్ళి శేషుకి చెప్పాను. "మరక మేర కోసేస్తే ఎంత మిగులుద్ది?" అని అడిగింది. నాకు తెలుసు, కానీ తూచితేగానీ చెప్పలేనన్నాను.

"తొమ్మిదివందలు రావచ్చు గదా?"

"రావచ్చు."


ఇవాళ

లెక్క ప్రకారం నిన్న రావాలి. రాలేదు. ఇవాళ ఒక్కరోజు ఆగితే చాలని రాత్రంతా దేవుళ్ళందరికీ మొక్కాను. పొద్దున్నే నేను కాటా తెరవడానికి వచ్చేసరికి శేషు ఇంకా నిద్రపోతోంది.

పది గంటలకు శేషు కాటా దగ్గరకు వచ్చింది. జడ గట్టిగా వేసుకుంది. వెనక ఇంకో ముగ్గురు పిల్లలు, ముగ్గురూ మగపిల్లలే, తమ బట్ట మూటలతో నిలబడ్డారు. వాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి. శేషు తొడుగు తెచ్చి నా బల్ల మీద పెట్టి, అందరూ నిలబడినట్టే గీత వెనక నిలబడింది.

మరకబట్ట కోసే పద్ధతి నాకు వచ్చినంతగా ఎవరికీ రాదు. మరక అంచుకు వేలెడు వదిలి, నూలు పోగు వెంట చదరంగా కోయాలి. రోజూ అందరి బట్టా కోసినట్టే కోశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ముక్క 41 గ్రాములు. మిగిలింది పళ్ళెంలో పెట్టాను. 887.

పదమూడు గ్రాములు. చిన్న రుమాలు అంత. మా ఆయన పెట్టెలో నాలుగు చొక్కాలున్నాయి.

కాటా పళ్ళెం నా వైపు ఉంటుంది, అంకెలు అవతలి వైపుకు కూడా కనిపిస్తాయి. బొటనవేలు పళ్ళెం అంచు మీద పెట్టాను. చాలా తేలిగ్గా. 894. ఇంకాస్త. 900 పడి నిలబడింది. పెన్ను రెండో చేత్తో తీశాను.

శేషు గీత దాటి బల్ల మీదికి వంగింది. ఎవరికీ వినపడకుండా అంది.

"అమ్మా, వేలు తియ్యి."

"ఎవరూ చూట్టల్లేదు, నువ్వూరుకో."

"పైన చలికి తెలిసిద్ది గదమ్మా. నాన్న మేజోడప్పుడు తెలిసినట్టు."

కుట్టేవాళ్ళు పదమూడు గ్రాములు ఎక్కడో ఒకచోట పల్చగా వేస్తారు. ఆ చోటు దీని వీపో, తొడో, పొత్తికడుపో. ఇన్నాళ్ళూ నేను అడిగింది నియమాన్ని మార్చమని. ఈ ఒక్క అంకె మాత్రం నియమం కాదు, చలి. దాన్ని ఎవర్నడిగి మార్చమనను? వేలు తీశాను. 887.

రాశాను. పేరు శేషు, తండ్రి సాంబయ్య, తల్లి నాంచారమ్మ, శుభ్రమైన బట్ట 887, చాలదు. సంతకం పెట్టాను. వెనకున్న పిల్లలు నవ్వడం ఆపేశారు.

శేషు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పక్కన పడి ఉన్న ముక్కను చూస్తోంది. మరక మధ్యలో ఉంది, చుట్టూ తెల్లటి కొత్త బట్ట.

"ఆ ముక్క నాకియ్యి" అంది.

"ఎందుకే?"

"పొద్దున వచ్చింది. నా దగ్గరేం లేవు."

ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒకసారి చేత్తో నొక్కి మెత్తదనం చూసుకుని, లంగా మడతలో దాచుకుని ఆడవాళ్ళ గది వైపు నడిచింది. మరకబట్ట వెనక్కిచ్చినప్పుడు తీసుకున్నవాళ్ళ సంతకం కావాలి. 41 గ్రాములు అని రాసి, ఎదురుగా ఖాళీ వదిలి, శేషు తిరిగొచ్చేదాకా పెన్ను పట్టుకుని కూర్చున్నాను.